ఎత్తు తీసి పక్కన పెడితే

"నిన్ను మద్రాసుకు తీస్కపోను భిక్షపతీ," అన్నాడు కోచ్ అమరనాథ్.

ఆ మాట సరిగా వినడానికి భిక్షపతి నడుం వంచాల్సి వచ్చింది. ఆరడుగుల తొమ్మిదంగుళాల మనిషి మరి. అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ ఒడ్డున బాస్కెట్‌బాల్ మైదానంలో మద్రాసు పోటీలకు వెళ్లే రాష్ట్ర జట్టు ఎంపిక అప్పుడే ముగింపుకొచ్చింది. డ్యూటీ దిగిన మిల్లు కార్మికులు టిఫిన్ డబ్బాలతోనే వచ్చి గోడెక్కి కూర్చున్నారు. వాళ్లంతా వచ్చింది భిక్షపతి కోసమే. ఈ ధూల్‌పేట్ పిల్లవాణ్ణి మిల్లువాళ్లు ఆట కోసమే నౌకరీలో పెట్టుకున్నారు. అతను వచ్చాక మిల్లు జట్టు ఓడింది లేదు.

"ఎందుకు సార్?" అన్నాడు భిక్షపతి.

"నువ్వు ఆడతలేవు. నీ ఎత్తు ఆడతంది. రింగు కింద నిలబడి అటక మీద గిన్నె పెట్టినట్టు బాల్ పెడతవ్. ఇందుల ఆట ఏడుంది?"

మిల్లు జట్టు బాగోగులు చూసే మైసయ్య పరుగున వచ్చాడు. "సార్, జర సోంచాయించుండ్రి. రాష్ట్రం టీముల ఉంటెనే పోరని నౌకరీ పక్కా చేస్తమన్నరు మిల్లోళ్లు. లేకుంటె ఈ నెలతోని ఖతం."

"నౌకరీ నా చేతుల లేదు మైసయ్యా. టీమే నా చేతుల ఉంది."

అమరనాథ్ గొంతులో కోపం లేదు. కానీ మెత్తబడే లక్షణమూ లేదు. చాలా పొట్టి మనిషి ఆయన. ఆడినన్నాళ్లూ పొడుగువాళ్ల మోచేతుల కింద నుంచి దూరి, పడి, లేచి ఆట నేర్చుకున్నవాడు. పుట్టుకతో వచ్చినదాన్ని ఎవరైనా విద్య అంటే ఆయనకు ఒళ్లు మండేది.

భిక్షపతి ఒక అడుగు ముందుకొచ్చాడు. "ఎత్తు తీసి పక్కకు పెట్టి ఆడత సార్. చూస్తరా?"

గోడ మీదివాళ్లు నవ్వారు. "యాడ పెడతవ్ బిడ్డా, గంత జాగ లేదు గాడ," అన్నాడొకడు.

భిక్షపతి రింగుకు ఎదురుగా ఉన్న తెల్లగీత దగ్గరికి వెళ్లి, బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చున్నాడు. బంతి ఇమ్మని చేతులు చాపాడు.

నిలబడి వేసే బంతికి బలం కాళ్లలోంచి వస్తుంది. కూర్చున్నవాడికి భుజాలే దిక్కు. అది అమరనాథ్‌కు తెలుసు కనుకనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి బంతి ఇనుపచట్రానికి తగిలి వెనక్కి వచ్చింది. "పాయె," అన్నారెవరో. రెండోది చట్రాన్ని తాకకుండా వలలోకి జారింది. ఆ తర్వాతదీ అంతే. ఆపైన ఇంకొకటి.

"సూటిగ ఉన్నది ఏసుడు పెద్ద ముచ్చట కాదు. మూలకు పో," అన్నాడు అమరనాథ్.

భిక్షపతి లేవలేదు. రెండు అరచేతులూ నేలకు ఆనించి, ఒంటిని ఎత్తి ఎత్తి మూలకు జరిగాడు. అంత పెద్ద శరీరం అట్లా జరుగుతుంటే ఎక్కడా తడబాటు లేదు. ఆ మూల నుంచి వేసిన బంతి వలను ఊపి కింద పడింది.

అమరనాథ్ తన జట్టులోకెల్లా చురుకైనవాణ్ణి పిలిచాడు. "సదాశివా, పోయి బాల్ గుంజుకో."

సదాశివ భిక్షపతి చుట్టూ తిరిగాడు. బంతి నేలకు జానెడు ఎత్తులో ఎగురుతోంది. ఆ చేతి నుంచి ఈ చేతికి, ఈ చేతి నుంచి వీపు వెనక్కి. సదాశివ చెయ్యి పెట్టేసరికి అది అక్కడ ఉండడం లేదు. చివరికి తెగించి మీదికి దూకాడు. మోకాళ్ల మీద పడ్డాడు. బంతి అతని తల మీదుగా వెళ్లి రింగులో పడింది.

గోడ మీద ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. సదాశివ మట్టి దులుపుకుంటూ లేచాడు. "సార్, ఈయన నిలబడుడే నయం. కూసుంటె ఇంకా కష్టం."

అమరనాథ్ మెల్లగా నడిచి వచ్చి, తెల్ల ప్యాంటుతోనే ఆ దుమ్ములో భిక్షపతి ఎదుట కూర్చున్నాడు. ఇన్నాళ్లకు ఆ ముఖం అంత దగ్గరగా కనిపించింది. చేతుల్లో లేని వణుకు అతని పెదాల మీద ఉంది.

"నీ ఎత్తునే చూసిన ఇన్ని దినాలు. నిన్ను చూడలే," అన్నాడు. "పెట్టె సర్దుకో. మద్రాసు పోతున్నం."

గోడంతా ఈలలైపోయింది. మైసయ్య తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు.

ఆ లొల్లి కాస్త తగ్గాక అమరనాథ్ ఆశగా అడిగాడు. "ఒక్క మాట చెప్పు. గిట్ల కూసొని ఆడితె నిన్ను గెలిచేటోళ్లు ఈ షహర్ల ఎవరన్న ఉన్నరా?"

"ఒక్కరున్నరు సార్. ఇప్పటిదాంక నేను ఒక్క ఆట గూడ గెలువలే."

అమరనాథ్ ఉలిక్కిపడ్డాడు. జట్టులో ఇంకో చోటు ఖాళీగానే ఉంది. "ఎవరాయన? ఏ జట్టు?"

"ఏ జట్టూ లేదు సార్. మా ఇంట్లనే. వాకిట్ల గోడకు జల్లెడ చట్రం కొట్టుకొని ఆడతం."

"మరి ఇన్ని దినాలు చెప్పవేంది? రేపు పొద్దుగాల తీస్కరా. ఆయన్ను గూడ టీముల ఏస్కుంట."

భిక్షపతి నవ్వాడు.

"ఎత్తుకొని తీస్కరావాలె సార్. మా అక్కకు చిన్నప్పుడే కాళ్లు పడిపోయినయ్. ఆమెతోని ఆడాలనే నేను కూసునుడు నేర్చుకున్న."