ఒక్క ఫైలూ పోలేదు

"పాతదే పెట్టెయ్. ఈ లినక్స్ నాకొద్దు," అంది వదిన, కంప్యూటర్ ముందున్న కుర్చీ మరిది వైపు జరుపుతూ.

అతని మొహం మాడిపోయింది. కంప్యూటర్లు బాగుచేయడం అతని వృత్తి, వాటిని నడిపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించడం అతని పిచ్చి. అతను వస్తున్నాడంటే చుట్టాలు లాప్‌టాప్‌లు బీరువాలో పెట్టి తాళం వేసుకునేవారు. మొహమాటానికి పెట్టించుకున్నవాళ్ళు వారం తిరక్కుండా తీయించుకునేవారు. మిగిలింది వదిన ఒక్కతే. ఆవిడకైతే సరదాకి పెట్టింది కాదు. అన్నయ్య పోయాక లాయర్లకు దస్తావేజులు టైప్ చేసి ఆవిడే ఇల్లు నడుపుతోంది. వైరస్ పట్టిన ఆ కంప్యూటర్ రోజుకు మూడుసార్లు ఆగిపోతుంటే చూడలేక, పోయిన ఆదివారమంతా కూర్చుని మార్చాడు.

"పాతది పెడితే నెల తిరక్కుండా మళ్ళీ మూలపడుతుంది వదినా. చేతిలో పని పోతుంది."

"పోతే పోనీ."

ఆ మాటకు అతను ఉలిక్కిపడ్డాడు. పని విషయంలో వదిన అలా అనగా ఎప్పుడూ వినలేదు.

"అసలు ఇబ్బందేంటి? ప్రింటర్ రావట్లేదా?"

"వస్తోంది."

"కీబోర్డు మారిందా?"

"లేదు. నా వేళ్ళకి అలవాటైనట్టే పెట్టావు."

"స్లోగా ఉందా?"

"పాపం, పరిగెడుతోంది."

"పేకాట కనపడలేదా? ఆ మూలే పెట్టాను, చూడు."

"నిన్న మూడాటలు గెలిచాను."

అతనికి ఒళ్ళు మండింది. "అయితే నీదీ మన చుట్టాల గోలే అన్నమాట. కొత్తదంటే భయం."

"భయమైతే ఆదివారం నిన్ను దీని మీద చెయ్యే వెయ్యనిచ్చేదాన్ని కాదు."

అతను విసురుగా మౌస్ అందుకున్నాడు. ఒక్కో ఫోల్డరూ తెరిచి చూపించాడు. దస్తావేజులు, లాయర్ల ఉత్తరాలు, పెళ్ళి ఫొటోలు, చివరికి అన్నయ్య టైప్ చేస్తూ సగంలో వదిలేసిన మందుల జాబితాతో సహా.

"అన్నీ సరిచూసుకుని మరీ ఎక్కించాను వదినా. ఒక్క ఫైలూ పోలేదు."

వదిన తలూపింది. తెర వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. ఆ తుడవడం ఎంతకీ అవలేదు. అది చూసి అతని కోపం దిగిపోయింది.

"నేను తీసేసింది ఒక్కటే," అన్నాడు మెల్లగా. "ఇందులోకి వెళ్ళడానికి నీ పేరుతో ఉన్నట్టే అన్నయ్య పేరుతో విడిగా ఓ అకౌంట్ ఉండేది. అందులో ఉన్నవన్నీ నీ దాంట్లోకి మార్చేశాను. ఏడాదిగా దాన్నెవరూ తెరవనే లేదు కదా, ఎందుకులే అని మళ్ళీ పెట్టలేదు."

"తెరవలేదు," అంది వదిన. "కానీ పొద్దున్నే స్విచ్ వెయ్యగానే, తెర మీద మా ఇద్దరి పేర్లూ పక్కపక్కనే వచ్చేవయ్యా."