అంగట్లో జీతగాడు

“తొమ్మిది వేలు జీతమంట! ఆయప్ప చేతికుండే వాచీ ఎంతో అడగండి మేడమ్!”

సుచిత్ర గొంతు పెనుకొండ కోర్టు హాలంతా మోగింది. మనోహర్ గబుక్కున చేతిని ప్యాంటు జేబులోకి దూర్చాడు. మాసిన చొక్కా వేసుకోమని, కారు బస్టాండు దగ్గరే ఆపి నడిచి రమ్మని లాయరు చెప్పాడు గానీ, వాచీ సంగతి చెప్పలేదు.

“ఇది డూప్లికేటు మేడమ్,” అన్నాడు.

“మొగుడూ డూప్లికేటే,” అంది సుచిత్ర.

జడ్జిగారు పెన్నుతో బల్ల మీద కొట్టారు. వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

మొగుణ్ణి వదిలి వచ్చాక సుచిత్ర ధర్మవరంలో పుట్టింట్లో ఉంటూ పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడుతోంది. కూతురు హారిక ఆమె దగ్గరే ఉంది.

“ఫీజు కట్టలేదని పాపను పరీక్ష రాయనీలేదు మేడమ్. బిడ్డ వరండాలో కూసోని ఇంటికొచ్చింది. ఈయప్పకేమో హిందూపురంలో ఇంత పొడుగు స్టీలు సామాన్ల అంగడి ఉండాది.”

“అంగడి మా నాయనది మేడమ్. నేనాడ జీతానికి పనిచేస్తాండా. కావాలంటే ఆయన్నే అడగండి.”

మనోహర్ తండ్రి అశ్వత్థనారాయణ బోనెక్కాడు. పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన ఒప్పుకోలేదు. “తక్కెట్లో ఏనాడూ మోసం చెయ్యనోన్ని. నాతో అబద్ధం చెప్పిస్తావేమిరా?” అన్నాడు. దానికి మనోహర్, “అబద్ధమెట్లయితాది నాయనా? అంగడి నీ పేరున లేదా? పనోడికి ఎంతిచ్చేదీ నీ ఇష్టం కదా?” అన్నాడు. ఆ మాటను ముసలాయన దారంతా వక్కలా నములుతూనే వచ్చాడు.

“మీ అబ్బాయి మీ దగ్గర జీతానికి పనిచేస్తున్నాడా?” జడ్జిగారు అడిగారు.

“అవునమ్మా.”

“ఎంత?”

“తొమ్మిది వేలు. దేవుని మీద ప్రమాణం చేసినా కదా. అదే నిజం.”

పాప ఖర్చులకు మనోహర్ నెలకు రెండు వేలు ఇవ్వాలని తీర్పు వచ్చింది. బయట మెట్ల దగ్గర సుచిత్ర మామను ఆపింది. “మీరు కూడానా మామా?” అంది. ముసలాయన భుజం మీది తువ్వాలు సర్దుకుని మెట్లు దిగిపోయాడు. మనోహర్ మాత్రం హిందూపురం దాకా ఈల వేస్తూనే కారు నడిపాడు.

మర్నాడు పదింటికి తీరుబడిగా అంగడికి వచ్చి, రోజూ లాగే గల్లాపెట్టెలో చెయ్యి పెట్టాడు. అశ్వత్థనారాయణ పెట్టె ఠక్కున మూశాడు. వేళ్ళు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి.

“ఏమిది?”

“పెట్రోలుకు నాయనా.”

“జీతగాడు గల్లాలో చెయ్యి పెడితే ఏమంటారు?”

మనోహర్ పకపకా నవ్వాడు. తండ్రి నవ్వలేదు.

“నువ్వు జీతగానివని దేవుని మీద ప్రమాణం చేసి చెప్పినా. ఇప్పుడు నువ్వు జీతగానివి కాకపోతే నేను అబద్ధాలకోరునైతా. ఈ వయసులో నాకెందుకొచ్చిన పాపం? కారు తాళాలు ఆడ పెట్టు. అటక మీద బిందెలుండాయి, దించు.”

“కోర్టు అయిపోయింది కదా నాయనా!”

“ప్రమాణం అయిపోలేదు.”

ముసలాయన అన్నంత పనీ చేశాడు. అంగట్లో ఎప్పట్నుంచో పనిచేసే నరేష్‌కు ఇంత సంబరం ఏ పండక్కీ కలగలేదు. “అన్నా, బిందె అడుగు పట్టుకో, కాలి మీద పడతాది,” అని నేర్పించేవాడు. మనోహర్ బిందెలు దించాడు, గంగాళాలు తుడిచాడు, కారు లేక ఆటోలో తిరిగాడు. వాచీ కూడా అమ్ముకున్నాడు. అది డూప్లికేటు కాదని అప్పుడు బజారంతా తెలిసింది.

అయినా లోపల్లోపల ధైర్యంగానే ఉన్నాడు. ముసలాయనకు డెబ్భై దాటాయి. ఎంత ఎగిరినా రేపు అంగడి ఎవరికి పోతుంది? ఉన్నది తనొక్కడే కొడుకు. అప్పటిదాకా సుచిత్రకు నెలకు రెండు వేలు పడేస్తే సరిపోతుంది. తుడిచిన ప్రతి గంగాళంలోనూ తన ముఖం చూసుకుని నవ్వుకునేవాడు.

నెలాఖరులో ఒక పొద్దున అంగడి ముందు ఆటో ఆగింది. సుచిత్ర దిగింది, వెనకే హారిక. నిచ్చెన మీదున్న మనోహర్, దుడ్ల కోసం వచ్చిందనుకుని, బేరానికొచ్చిన వాళ్ళంతా వినేటట్టు అరిచాడు.

“నాకే ఇంకా జీతం రాలేదు! వచ్చినంక ఇస్తా. రెండు వేలే. పైసా ఎక్కువియ్యను!”

సుచిత్ర తల కూడా ఎత్తలేదు. నేరుగా గల్లా దగ్గరికి పోయింది. అశ్వత్థనారాయణ లేచి, తువ్వాలుతో కుర్చీ దులిపి, “రామ్మా, కూసో,” అన్నాడు. హారిక తాత చెయ్యి పట్టుకుని వేలాడింది.

“ఏంది నాయనా ఇది?” నిచ్చెన కొంచెం ఊగింది.

“అంగడి పాప పేరున రాసిచ్చినా. నిన్ననే రిజిస్టరైంది. పాప పెద్దదయ్యేదాకా వాళ్ళమ్మ చూసుకుంటాది. నేనింక ఇంట్లో పడుకుంటా.”

“మరి నేను?”

“నీకేమిరా? నీ పని నీకుండాది. పనోన్ని తీసెయ్యొద్దని నేను గట్టిగా చెప్పినా.”

సుచిత్ర గల్లాపెట్టె తెరిచి చూసి, మూసింది. అప్పుడు తలెత్తి మొగుడి వైపు చూసింది.

“జాగ్రత్తగా దిగప్పా మనోహర్. ఒకటో తారీకు నీ జీతంలో పాప రెండు వేలు పట్టుకొని, మిగిలిన ఏడూ నీ చేతికిస్తా.”