పిట్టగోడ మీద పిల్లి

"ఒకటే కాపీయా? ఎన్నిసార్లు చెప్పాను వదినా, నా నోరు నొప్పి పుట్టిందే కానీ మీ చెవికెక్కలేదు!"

మరిది హార్డ్ డిస్కును టేబుల్ లైటు కింద తిప్పి చూస్తూ విసుక్కున్నాడు. కంప్యూటర్ రిపేరు షాపు అతనిది. బల్ల నిండా పొట్టలు విప్పిన లాప్‌టాప్‌లు. డిస్కుకు కేబుల్ తగిలించే చోట పిన్నులు వంగిపోయి, ఒకటి విరిగి ఉంది.

"దుమ్ము తుడుస్తుంటే చేతిలోంచి జారింది," అంది వదిన. "దాని ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు."

అది అంటే ఆమె కూతురు. నోరు మూతపడదని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు. కిందటి నెల మేడ మీద ఫోటోలు తీసుకుంటూ కాలు జారిందని పోలీసులు తేల్చారు. నాలుగంతస్తుల కింద, చేతిలో ఫోనుతో సహా దొరికింది.

"ఫోను ఎలాగూ ముక్కలైంది. నెట్‌లో ఏమైనా దాచుకుందా?"

"లేదు. ఇంటి వైఫై తగిలితే చాలు, తీసిన ఫోటో తీసినట్టు ఈ డిస్కులో పడేట్టు నువ్వే కదా పెట్టిచ్చావు."

స్క్రూడ్రైవర్ కోసం చాచిన అతని చెయ్యి బల్ల మీదే ఆగింది. "అంటే... ఆ రోజువీ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"చూశారా?"

"చూద్దామని కూచుంటే కళ్ళు మసకబారతాయి. మీ అన్నయ్యయితే ఆ గది తలుపే తియ్యరు."

అతను ముక్కు ఎగబీల్చాడు. "ఆ రోజు సరుకు కోసం బండేసుకుని పొరుగూరు పోకుండా ఊళ్ళోనే ఉంటే బాగుండేది. నాతోపాటు సినిమాకి లాక్కెళ్ళేవాణ్ణి. మేడ ఎక్కేదే కాదు."

"జరిగిందేదో జరిగింది. వస్తాయా, రావా? అది చెప్పు."

"వస్తాయి, లోపల బాగానే ఉన్నట్టుంది. రేపు సాయంత్రం రండి. ఇకనైనా నా మాట వినండి, ఏ ఫోటో అయినా మూడు చోట్ల ఉండాలి. అందులో ఒకటి ఇల్లు దాటి ఉండాలి. ఇల్లు తగలబడినా, దొంగలు పడినా అది మిగుల్తుంది."

వదిన తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఈ షాపంటే ప్రాణం పెట్టేది. చివర్లో ఎందుకో, బాబాయ్ దగ్గరికి పోనంటే పోనని మొండికేసింది."

"పరీక్షల బెంగయి ఉంటుంది," అన్నాడు అతను తలెత్తకుండా.

మర్నాడు సాయంత్రం ఆమె వెంట భర్త కూడా వచ్చాడు. తమ్ముణ్ణి పలకరించలేదు. తలుపు పక్కనున్న స్టూలు మీద కూచుని వీధి వైపు చూస్తున్నాడు. కూతురు పోయినప్పటి నుంచీ ఆయన అంతే, ఎవరితోనూ మాట లేదు.

మరిది మెరుస్తున్న కొత్త డిస్కు తీసి బల్ల మీద పెట్టాడు. "గండం గడిచింది వదినా. ఒక్కటి కూడా పోలేదు."

"పాతది?"

"ఇంక పనికిరాదు, పారేశాను. దాన్నేం చేసుకుంటారు, ఉప్పూ కారం పోసి దాచుకుంటారా?"

అతనొక్కడే నవ్వాడు. వదిన కొత్త డిస్కును అక్కడున్న కంప్యూటర్‌కు తగిలించి ఒక్కో ఫోటో చూసుకుంటూ పోయింది. బోసినోరు. స్కూలు బ్యాగు. కొత్త సైకిలు. చివరికి ఆ రోజు సాయంత్రం. మేడ మీద ఎర్రబడిన ఆకాశం, ఆరేసిన బట్టలు, నీళ్ళ ట్యాంకు.

"పిట్టగోడ మీద పిల్లి ఏది?"

"ఏ పిల్లి?"

"పక్కింటి పిల్లి. గోడ మీద కూచుని ఒళ్ళు నాక్కుంటూ ఉంటుంది. ఆ సాయంత్రం తీసిందే."

"సరిగ్గా చూడలేదన్నారుగా!" అతని గొంతు మారింది. వెంటనే సర్దుకున్నాడు. "పాడైపోయి ఉంటుంది వదినా. అన్ని ఫోటోల్లో ఒక పిల్లి పోతే ఏమైంది?"

ఆమె చేతిసంచీలోంచి మరో డిస్కు తీసి కంప్యూటర్‌కు తగిలించింది.

"ఒకటే కాపీ అన్నారు కదా?"

"ఒకటి ఇల్లు దాటించమని చెప్పింది నువ్వే కదా. బ్యాంకు లాకర్లో పెట్టాను. నీకిచ్చిన డిస్కు పిన్నులు పట్టకారుతో నేనే విరిచాను."

తెర మీద పిల్లి ప్రత్యక్షమైంది. దాని వెనక, నాలుగంతస్తుల కింద, వాకిలి. వదిన ఫోటోను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. వాకిలి మూల ఒక ఎర్ర స్కూటరు, చిరిగిన సీటుకు అడ్డంగా అతికించిన తెల్ల టేపు. అద్దాల తలుపు అవతల, షాపు ముందు నిలబెట్టి ఉన్నదీ అదే స్కూటరు.

"వందసార్లు చూశాను ఈ ఫోటో," అంది ఆమె. "రోజూ మన వాకిట్లో ఉండే బండి కదా, నా కంటికి ఆనలేదు. ఆ రోజు అది అక్కడ ఉండకూడదని ఇప్పుడు నువ్వే చూపించావు."

అన్నయ్య స్టూలు మీంచి లేచాడు. షట్టరు పట్టుకుని గరగరమంటూ కిందికి లాగాడు.

"అన్నయ్యా! నువ్వైనా చెప్పు!" మరిది గోడకు ఆనుకుపోయాడు. "పాడైన డిస్కు ఎవరికిచ్చినా ఒకటీ అరా పోతాయి! ఒక్క ఫోటో రాలేదని నా మీద నింద వేస్తారా?"

వదిన రెండు డిస్కులూ సంచీలో వేసుకుంది.

"ఆ రోజు ఊళ్ళో లేమన్న ముగ్గురికీ ఏదో ఒక వంక పెట్టి ఇవే ఫోటోలు ఇచ్చాను, మిగతా ఇద్దరూ పిల్లితో సహా తెచ్చిచ్చారు."