అరగంట ముందు

అక్కా,

నా కోడిగీతల రాతకీ తప్పులకీ నవ్వుకోకు. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

మీ మరిది రాసిన ప్రోగ్రాం అందరి కంప్యూటర్లలో సరిగ్గా నడుస్తోంది. ఇంట్లో ఆయన కంప్యూటర్లో మాత్రం టెస్టులన్నీ ఫెయిలవుతున్నాయి. నిన్నటినుంచి తల పట్టుకు కూర్చున్నారు. ఇవాళ ఫోనులో అందరూ వింటుండగా పై ఆఫీసరు, "సాయంత్రంలోగా తేల్చకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తానయ్యా" అన్నాడు.

ఇంతలో ఆయన పంపిన టెస్టుల రిపోర్టు చూసి, ఆయనతో పనిచేసే అమ్మాయి ఆ ఫోనులోనే పట్టేసింది. "మీ కంప్యూటర్లో టైము అరగంట ముందుందండీ! అందుకే ఫెయిలవుతున్నాయి. మీ ఇంట్లో పొద్దు ముందే గుంకుతుందా ఏంటి?"

అందరూ నవ్వారు. నేను తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను. ఆయన నావైపు చూసి, "నేనే మార్చాను సార్, బుద్ధి తక్కువై" అన్నారు. నాకు పడాల్సిన తిట్లన్నీ ఆయనే తిన్నారు.

ఫోను పెట్టేశాక మెల్లగా అడిగారు. "ఎందుకు మార్చావే?"

"ఆ కంప్యూటర్లో సాయంత్రం ఏడయితేగానీ మీరు దాని ముందునుంచి లేవరు. పిలవాలంటే నాకు సిగ్గు."

టైము సరిచేశారు. సాయంత్రం అరగంట ముందే లేచి వచ్చి, నా పక్కన కూర్చున్నారు. తలెత్తి చూడలేకపోయానక్కా.

బావ కంట పడకముందే ఈ ఉత్తరం కాల్చెయ్యి.