న్యాయం చెప్పే నక్క

ఒక అడవిలో పులిరాజు తనకు ఎదురుచెప్పిన పక్షులను పట్టించి ఈకలు పీకించేవాడు. "ప్రాణం పోనంతవరకు అది హింస కిందికి రాదు ప్రభూ" అని శాస్త్రం చూపించింది ఒక నక్క. పులిరాజు చచ్చాక, అడవి బడిలో న్యాయం పాఠం చెప్పడానికి ఆ నక్కనే పెట్టుకున్నారు.

సంగతి తెలిసి, ఆ పక్షుల్లో ఒకటైన గోరింక బడిదాకా నడిచే వచ్చింది. దాని రెక్కలకు ఈకలు మళ్లీ మొలవలేదు. వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"ఆ నక్కను పంపించేదాకా నేను లేవను" అంది.

బడిపెద్ద ఏనుగు నొచ్చుకుంది. "పంతులుగారు నీ మీద చెయ్యి వేశారా అమ్మా? అడిగితే ఒక మాట చెప్పారు, అంతేగా!"

"నా ఈకలు పీకడానికొచ్చిన తోడేలుకు మొదట చేతులు వణికాయయ్యా. తప్పేం లేదని ఈయన చెప్పాకే ఆ వణుకు ఆగింది."

ఇంతలో నక్క నవ్వుతూ బయటికొచ్చింది. "ఆవిణ్ణి కూర్చోనివ్వండి, అది ఆవిడ హక్కు. పిల్లల్ని పెరటి దారిన రమ్మనండి."

ఎంత పెద్ద మనసో అని ఏనుగు మురిసిపోయింది. పిల్లలంతా పెరటి దారి పట్టారు. ఒక్క జింకపిల్ల మాత్రం గోరింక రెక్కలకేసి చూసి, లోపలికి పోకుండా దాని పక్కన కూర్చుంది.

సాయంత్రానికల్లా జింకపిల్లకు బడిలో చోటు లేదన్నారు. తెల్లారేసరికి అది మళ్లీ గుమ్మం దగ్గరికే వచ్చింది.