తోయే తాత తడిగుడ్డ

"అయ్యో, నా పాఠం!"

లాముసా అరిచేలోపే ముసలాయన తడిగుడ్డతో గోడంతా తుడిచేశాడు.

పాత బ్యాటరీల మసి పూసి నల్లగా చేసిన గోడ అది. కుదుగూ పట్టణంలో ఆ వీధి పిల్లలందరికీ అదే బోర్డు. లాముసా బడి నుంచి రాగానే రంగు సుద్దలతో ముత్యాల్లాంటి అక్షరాలు రాసి, చూసి చదువుకుందామని కూర్చుంది. అంతలోనే ఈ నిర్వాకం.

"ఇప్పుడు చెప్పు మోసీ పిల్లా, ఏం రాశావు?"

లాముసా నోరు తెరిచింది. రెండు ముక్కలు వచ్చాయి. మూడోది రాలేదు.

"చదువు గోడకి వచ్చింది, నీకు రాలేదు. పరీక్షకి గోడనే పంపించు!"

లాముసాకి ఒళ్ళు మండింది. బడి చదువు ముగించే బాక్ పరీక్ష ఒకసారి తప్పింది. మళ్ళీ తప్పితే చదువు మాన్పించి, సంతలో ఉల్లిపాయలు అమ్మడానికి కూర్చోబెడతానని బాబాయి తెగేసి చెప్పాడు.

"నా పాఠం చెరపడానికి నువ్వెవరు తాతా?"

"తోయేని. సామోని. నీ యజమానిని!"

అంతే, ఇక ఆమె కోప్పడటానికి లేదు. సామో, మోసీ తెగలవాళ్ళు ఎదురుపడితే, నేను యజమానిని నువ్వు బానిసవి అంటూ బావామరదళ్ళలా ఏడిపించుకోవాలి. ఏమన్నా పడాలి, నవ్వాలి. కోపం తెచ్చుకుంటే కన్నవాళ్ళ పరువు తీసినట్టే.

"కుక్కతల తినే సామో తాతా! నీ బుర్రకంటే నా గోడే నయం," అంటూ మళ్ళీ సుద్ద అందుకుంది.

మర్నాడూ చెరిపాడు. ఆ మర్నాడూ అంతే. పిండిమర వెనక గదిలో కొత్తగా దిగిన ఆయనకి వేరే పనే ఉన్నట్టు లేదు. పైగా పాత పాఠాలు కూడా అడిగేవాడు.

"నిన్న తిన్న సంకటితో పాటు పాఠం కూడా అరిగిపోయిందా?"

రానురాను లాముసా చూసి చదవడం మానేసింది. చూడకుండా రాసేది. ఆగిపోయిన చోట మాత్రమే పుస్తకం తెరిచేది.

ఒక సాయంత్రం ఆయన గుడ్డ తడుపుకుని వచ్చేసరికి గోడ ఖాళీగా ఉంది.

"నీకు శ్రమెందుకు తాతా, నేనే చెరిపేశాను. అడుగు!"

ఆయన ముఖం వెలిగిపోయింది.

ఫలితాలు వచ్చాయి. జిల్లాలో మొదటి పేరు లాముసాదే! వాళ్ళమ్మ వీధిలోనే గంతులేసింది. బాబాయి కనబడ్డవాళ్ళందరికీ "మా పిల్లే, మా పిల్లే" అని చెప్పుకున్నాడు.

లాముసా పిండిమర వెనక్కి పరుగెత్తింది. అక్కడ చాపల మీద జనం. తోయే తాత ఆ పొద్దున్నే పోయాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. కానీ సామో చనిపోతే మోసీ ఏడవకూడదు, వెక్కిరించాలి. అదే మర్యాద. కళ్ళు తుడుచుకుని, మేకుకి వేలాడుతున్న తాత టోపీ నెత్తిన పెట్టుకుని, తడిగుడ్డతో గోడలు తుడుస్తూ ఆయనలాగే నడిచింది.

"మోసీ పిల్లా, పరీక్షకి గోడని పంపావా?"

వీధివాళ్ళు పగలబడి నవ్వారు. ఊరి నుంచి వచ్చిన తాత కొడుకు మాత్రం నవ్వలేదు.

"ఇదేంటమ్మా?"

"సామో తాతని మోసీ మనవరాలు సాగనంపుతోందన్నా! జిల్లాకే మొదటొచ్చాను. చెరిపి చెరిపి ఆయనే నేర్పాడు."

కొడుకు ఆమెకేసి గర్వంగా చూశాడు.

"నాన్న బడిపంతులు తల్లీ. మా ఊళ్ళో పిల్లల రాతలు చెరిపితే వాళ్ళ అమ్మానాన్నలు కర్రలు పట్టుకొచ్చేవాళ్ళు. ఎవరికీ కోపం రాకూడదని ఇక్కడ సామోనని చెప్పుకున్నాడన్నమాట. ఇక నువ్వు ఏడవొచ్చమ్మా, మేమూ మోసీలమే."