సద్దిగిన్నె

మందలో గొర్రె చెవి తిప్పి చూసేవాడు ఆ గొర్రె ఆసామి అయినా కావాలి, దొంగ అయినా కావాలి.

అందుకే మక్తల్ దారి పక్కన, తన మందలో వంగి చెవి తిప్పుతున్న ముసలాయన్ను చూడగానే భిక్షం గొంగడి విదిల్చి లేచాడు.

"ఎవర్రా అది? చెయ్యి తియ్యి!"

ముసలాయన చెయ్యి తీశాడు. తెల్లటి అంగీ, చంకలో గుడ్డసంచి.

"దొంగను కాదు తమ్మీ. పోచంపల్లి నుంచి వచ్చిన. చెవులకు రెండేసి చిల్లులు ఉంటయంటే, జర చూద్దామని..."

ఆ చిల్లుల సంగతి ఊరంతటికీ తెలుసు. గొర్రెల సొసైటీ వాళ్లు ఒక్క మందనే ఊరూరా తిప్పారు. ప్రతి ఊళ్లో చెవికున్న పాత బిళ్ల పీకి, కొత్త బిళ్ల కొట్టి, కొత్త గొర్రెలు ఇచ్చినట్టు రాసుకున్నారు. భిక్షానికి చివరికి దక్కినవి ముసలి గొర్రెలు. వాటికోసం తాకట్టు పెట్టిన చెల్క భూమి మాత్రం ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది.

"ఎవరు పంపిండ్రు నిన్ను? సొసైటోళ్లా?"

"ఎవలు పంపలే. ఢిల్లీల అవినీతి కేసులు చూసే పెద్ద ఆఫీసుకు కొత్త సారు వచ్చిండు గద. మీ కేసు మళ్ల తెరిచిండ్రు. రేపు ఆఫీసర్లు వస్తరు. మీరు నోరు తెరిచి చెప్తేనే అది నిలుస్తది. లేకుంటే మూసేస్తరు. గా ముచ్చట చెప్పిపోదామని వచ్చిన."

భిక్షం పకపకా నవ్వాడు.

"ఓ గుర్వమ్మా, విన్నవా? ఢిల్లీల కొత్త సారు వచ్చిండట!"

వేపచెట్టు కింద రొట్టెలు మూటగడుతున్న అతని భార్య తలెత్తింది.

"వస్తే ఏందట? కాపరి మారిండని తోడేలు గడ్డి మేస్తదా?"

"ఒక్కసారి నమ్మి చూడరాదా, చెల్లె."

"నమ్మినం గద పోయినసారి!" భిక్షం గొంతు పెరిగింది. "పాత సారు ఒక పిలగాన్ని పంపిండు. సన్నగ ఉంటడు, కండ్లద్దాలు. గీ చెవులన్నీ ఫోటోలు తీసుకున్నడు. 'పెద్దమ్మా, సోమారం మళ్లొస్త, నీ చెల్క నీకు వచ్చేదాక ఇడువ' అన్నడు. ఏ సోమారం? మళ్ల మొఖం చూపలే. పైసలు ముట్టినయి, మాయమైండు. గసొంటోన్ని కన్నోళ్లు ఎసొంటోళ్లో!"

ముసలాయన చంకలోని సంచిని రొమ్ముకు అదుముకున్నాడు.

గుర్వమ్మ వైపు తిరిగాడు.

"ఆ దినం ఆ పిలగాడు ఏమన్న తిన్నడా, చెల్లె?"

గుర్వమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది.

"ఎందుకు తినలే? రొట్టె తిన్నడు, ఉల్లిగడ్డ కొరుక్కున్నడు. ఇంకింత పొయ్యి పెద్దమ్మా అని మజ్జిగ అడిగి తాగిండు. తొవ్వల తింటడని సద్దిగిన్నెల పెట్టిస్తే, గిన్నె గూడ పట్టుకపోయిండు."

"కడుపునిండ తిన్నడన్నట్టు."

"ఆఁ, మా ఉసురు గూడ తిన్నడు" అన్నాడు భిక్షం. "నీకెందుకయ్యా గదంత? పోతవా, కుక్కను ఇడువాల్నా?"

ముసలాయన వెళ్లిపోయాడు. ఎండలో వచ్చిన మనిషిని మంచినీళ్లు తాగుతావా అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

పొద్దుగూకి మంద మళ్లేటప్పుడు గట్టురాయి మీద ఆ గుడ్డసంచి కనిపించింది. గుర్వమ్మ విప్పి చూసింది.

లోపల సద్దిగిన్నె. ఒక పక్క బాగా సొట్టపోయింది. మూత బిగుసుకుపోయి రాలేదు. దాని మీద పుట్టింటివాళ్లు చెక్కించిన పేరు మాత్రం అలాగే ఉంది: గుర్వమ్మ.

"సూసినవా!" అన్నాడు భిక్షం. "వాడూ వీడూ ఒక్కటే ముఠా. గొర్రె చెవి తిప్పినప్పుడే అనుకున్న."

మరునాడు జీపు వచ్చింది. ఉమారాణి అనే ఆఫీసరు దిగింది.

భిక్షం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మాకేం తెల్వదు మేడం. ముందుగాల గిది చెప్పుండ్రి" అని గిన్నెను ఆమె ముందు పెట్టాడు. "మీ పిలగాడు పట్టుకపోయిండు. నిన్న ఎవడో ముసలోడు పారేసి పోయిండు."

ఉమారాణి గిన్నెను చేతిలోకి తీసుకుంది. సొట్ట మీద వేలు ఆగింది.

"ఆ రోజే ఇక్కడినుంచి తిరిగి వెళ్తుంటే దేవరకద్ర దాటాక అతని జీపును లారీ గుద్దింది. ప్రాణాలతో దవాఖానకు చేరలేదు. మీకెవరూ చెప్పలేదా?"

భిక్షం కట్టుకున్న చేతులు జారిపోయాయి.

గుర్వమ్మ గిన్నె తీసుకుని, ఒడిలో పెట్టుకుని, బలంగా లాగి మూత తీసింది. ఇచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వకూడదని, ఎవరో అడుగున పిడికెడు చక్కెర పోశారు.

భిక్షం మందలోకి నడిచాడు. ఒక ముసలి గొర్రెను పట్టుకొచ్చి దాని చెవిని తనే తిప్పి ఆమెకు చూపాడు.

"రాసుకో బిడ్డా. అన్నీ చెప్త. కొత్త సారును నమ్మి కాదు."

"ఆయనెలాంటివారో నాకూ ఇంకా తెలియదు" అంది ఉమారాణి. "ఆఫీసుల చుట్టూ తిరిగి ఈ కేసు తెరిపించింది ఆ గిన్నె తెచ్చిన పెద్దాయన."

"ఎవలాయన?" అడిగింది గుర్వమ్మ.

"రాత్రి ఫోన్ చేశారమ్మా. 'వాళ్లు చెప్పకపోయినా ఏమనకు బిడ్డా, నా కొడుకుకు ఆఖరి బువ్వ కడుపునిండ పెట్టిన చేతులవి' అన్నారు."